టీచర్‌ని సంజాయిషీ అడిగితే సరిపోతుందా?

సంపాదకులకు,

మా అమ్మాయి ఏడో తరగతి. పోయిన వారం డ్రాయింగ్ పీరియడ్‌లో మనుషుల బొమ్మలు గీయడం నేర్పిద్దామని టీచర్ ప్రొజెక్టర్ పెట్టి, అందరి ముందే ‘మోడల్ పోజులు’ అని నెట్‌లో వెతికారట. ఒక బొమ్మ నొక్కగానే ఇంకేదో సైటు తెరుచుకుంది. ఆవిడ కంగారులో కంప్యూటర్ సంగతి మరిచిపోయి లెన్స్‌కి చెయ్యి అడ్డం పెట్టారట. తెర మీద పడాల్సిన బొమ్మ ఆవిడ చేతి మీద పడింది. వెనక బెంచీల్లో నవ్వులు. మర్నాడు టీచర్‌ని సంజాయిషీ అడిగారు, నవ్విన పిల్లల తల్లిదండ్రుల్ని పిలిపించారు, డ్రాయింగ్ పీరియడ్‌లో ఇంటర్నెట్ బంద్ చేశారు.

మోడల్, ఫిగర్, బాడీ అనేవి బొమ్మలు నేర్చుకునేవాళ్లు రోజూ వాడే మాటలు. అశ్లీల సైట్లవాళ్లు వాడేదీ అవే మాటల్ని. అక్కడ వెతుకుతున్నది ఏడో తరగతి క్లాసని సెర్చ్ ఇంజన్‌కి ఏం తెలుసు?

‘మా దగ్గర ఫిల్టర్ ఉంది’ అంది స్కూలు. ఉంది, ల్యాబ్‌లోని కంప్యూటర్లలో. ఆ రోజు ప్రొజెక్టర్‌కి తగిలించింది టీచర్ సొంత ల్యాప్‌టాప్. వెతికినప్పుడు అశ్లీల ఫలితాలు రాకుండా ఆపే గూగుల్ సేఫ్‌సెర్చ్ అనే సెట్టింగ్ మామూలుగా ఆ బ్రౌజర్‌కో, ఆ అకౌంట్‌కో పరిమితం. స్కూలు నెట్‌వర్క్‌లోనే దాన్ని లాక్ చేయొచ్చు, అప్పుడు ఆ వైఫైకి ఏ ల్యాప్‌టాప్ తగిలించినా వర్తిస్తుంది. అదైనా పనిచేసేది సెర్చ్ ఫలితాల వరకే. లింకు నొక్కి బయటి సైటుకి వెళ్లాక దాని చేతిలో ఏమీ ఉండదు. అలాంటి సైట్లను ఆపే ఫిల్టర్ విడిగా నెట్‌వర్క్‌లో పెట్టుకోవాల్సిందే. ఇవన్నీ డ్రాయింగ్ టీచర్ చేసే పనులా?

టీచర్ వైపు నుంచీ ఒకటుంది. పిల్లల ముందు అప్పటికప్పుడు వెతక్కుండా, ముందురోజే బొమ్మలు సేవ్ చేసుకుని రావాలి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లోనే 3,75,000కు పైగా బొమ్మల్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా నెట్‌లో పెట్టింది. చేతులు, ముఖాలు, నిలబడ్డ మనుషులు, కూర్చున్న మనుషులు, ఏది కావాలంటే అది దొరుకుతుంది.

అక్కడా నగ్న శిల్పాలు ఉంటాయి కదా అని ఒక పేరెంట్ అన్నారు. ఉంటాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మైకెలాంజిలో చెక్కిన డేవిడ్ అనే నగ్న శిల్పానికి ప్లాస్టర్ నమూనా ఉంది. రాజకుటుంబం స్త్రీలు చూడ్డానికి వస్తే నగ్నత్వం కనబడకుండా తగిలించాలని దానికో ప్లాస్టర్ ఆకు కూడా చేయించారు. ఆ ఆకు ఇప్పటికీ అక్కడే ఉంది, చూసినవాళ్లు నవ్వుకుంటారు. శిల్పానికీ బూతుకీ తేడా చెప్పాల్సింది కూడా డ్రాయింగ్ క్లాసులోనే. ఇంటర్నెట్ బంద్ చేస్తే ఆ తేడా పిల్లలకి ఎవరు చెబుతారు?

ఇంత హడావుడిలోనూ పిల్లలతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ‘నేనూ చూశానమ్మా, నన్ను కూడా పిలుస్తారా?’ అని మా అమ్మాయి రెండు రోజులు అడుగుతూనే ఉంది. తప్పు మీది కాదని ప్రిన్సిపాల్ గారే ఆ క్లాసుకి వెళ్లి చెప్పాలి. టీచర్‌ని కూడా పక్కన ఉంచుకుని చెప్పాలి.

— ఒక తల్లి