తీర్థం పట్టలేని చేతులు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

మా ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లవల్ల, చేసే పనివల్ల పాడైన చేతుల గురించి రాస్తున్నాను. విషయంలోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. కుడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి, పిడికిట్లో పెన్నును నిలువుగా పట్టుకోండి. మోచేయి కదలకుండా పిడికిలిని బయటికి తిప్పండి, తర్వాత లోపలికి తిప్పండి. పెన్ను రెండు వైపులా దాదాపు నేలబారుగా వాలుతుంది. ఒక్కో వైపు 80 డిగ్రీలు, ఇంచుమించు. మర్రిగూడ వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయనకు బయటి వైపు 10 డిగ్రీలు కూడా తిరగదు.

నేను నల్గొండ జిల్లా చండూరులో చిన్న ఫిజియోథెరపీ గది నడుపుతున్నాను. ఆ పెద్దాయనను చెర్వుగట్టు గుడిలో కూడా ఒకసారి చూశాను. పూజారి తీర్థం ఇస్తున్నారు. ఈయన అరచేయి పైకి తిరగదు కాబట్టి మోచేతిని పొట్టకు అదుముకుని, నడుము దగ్గర నుంచి కుడి పక్కకు ఒరిగిపోయి చేయి చాపారు. ఉద్ధరిణెతో పోసిన నీళ్లు చిటికెనవేలి పక్క నుంచి మణికట్టు మీదుగా జారిపోయాయి. వెనక నిలబడ్డ మనవడు తన చేతిలో తీర్థం పట్టి తాత నోట్లో పోశాడు. ఆ పిల్లవాడు ఆ పనిని ఎంత అలవాటుగా చేశాడంటే, వరుసలో ఎవరూ తల తిప్పి చూడలేదు.

ముంజేతిలో రెండు ఎముకలున్నాయి, వాటి మధ్య పలుచని పొర ఉంటుంది. అరచేతిని బోర్లించినప్పుడు బొటనవేలి వైపు ఎముక రెండో ఎముక మీదుగా అడ్డంగా దాటుతుంది, వెల్లకిలా తిప్పితే పక్కకు వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో ఆ పొరలో సున్నం చేరి ఎముకలా గట్టిపడుతుంది. రెండు కర్రల మధ్య కట్టిన గుడ్డ చెక్కగా మారితే కర్రలు ఎలా తిరుగుతాయి? ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బును, గుర్తించడానికి డాక్టర్లు వెతికే ఆనవాళ్లలో ఇదొకటి. అందుకే ముంజేతికి ఎక్స్‌రే తీస్తారు. నా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది. జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఎక్స్‌రే తీస్తారు గానీ, ఆ చేయి ఏ పని చేయలేకపోతోందో తెలుసుకోవడానికి కాదు.

నల్గొండ మీద పరిశోధన జరగలేదని నేను అనను. మన దేశంలో ఈ జబ్బును 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తిస్తే, 1955లోనే నల్గొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి పిల్లల వంకర మోకాళ్ల గురించి లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు వచ్చింది. మా ఊరి పేరు ప్రపంచంలోని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఏ కారణంతో ఎక్కిందో తలచుకుంటే గర్వపడాలో లేదో తెలియదు. పళ్లను చూశారు, వెన్నును చూశారు, మోకాళ్లను చూశారు. చేతి వంతు ఎక్స్‌రే దగ్గరే ఆగిపోయింది.

మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో మా చౌటుప్పల్‌లోనే నిలబెట్టారు. కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి, ఆ మేలు కాదనలేనిది. ఇప్పుడు పెరుగుతున్న పిల్లలకు ఈ బాధ తప్పుతుందని నాకూ నమ్మకం ఉంది. కానీ మంచినీళ్లు తాగినంత మాత్రాన గట్టిపడిన పొర మెత్తబడదు. నలభై, యాభై, అరవై ఏళ్ల వయసులో ఉన్నవారు ఆ చేతులతోనే మిగతా జీవితం గడపాలి. వారిలో చాలామంది ఇంకా పని చేస్తూనే ఉన్నారు.

ఆ పనుల గురించీ చెప్పాలి. మాది నేత కుటుంబం. పుట్టపాక, గట్టుప్పల్, కొయ్యలగూడెం, పోచంపల్లి, ఎక్కడికి వెళ్లినా మగ్గం దాకా రాకముందే చీర సగం పని చేతుల్లో అయిపోతుంది. చిటికి కట్టడం చూశారా? నూలు కట్టకు రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబును కోసిన రబ్బరు పట్టీని బిగించి చుట్టాలి. ఎడమ చేతి వేళ్లు నూలును పట్టుకుంటాయి, కుడి బొటనవేలు, చూపుడువేలు రబ్బరును సాగదీస్తూ చుట్టి, కొసను మడత కిందికి దూరుస్తాయి. ఒక్కో ముడికి రెండు మూడు సెకన్లు. మా అమ్మ కట్టేటప్పుడు నేను పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పేవాణ్ని, ఆమె ముడికి ఒకటిగా లెక్క సాగేది. ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చేసరికి ఒక చిన్న గళ్ల వరస కూడా పూర్తయ్యేది కాదు.

ఆమెకు మణికట్టులో బొటనవేలి వైపు నొప్పి మొదలైనప్పుడు ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాం. పేరు అనవసరం. నొప్పి బిళ్లలు ఇచ్చి, ‘చేతికి విశ్రాంతి ఇవ్వమ్మా’ అన్నారు. నూలిచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్ దగ్గర తెచ్చిన పని ఇంట్లో ఉంటే విశ్రాంతి ఎవరిస్తారు? ఆ నొప్పికి ఒక పేరుందని నేను చదువుకున్నాక తెలిసింది. స్విట్జర్లాండ్ సర్జన్ డి క్వెర్వైన్ దానిని 1895లో వర్ణించారు. బొటనవేలిని లాగే రెండు స్నాయువులు మణికట్టు దగ్గర ఇరుకైన సొరంగంలోంచి వెళ్తాయి, పదేపదే బిగిస్తే ఆ సొరంగం గోడ మందమవుతుంది. బొటనవేలిని కదలకుండా నిలిపే చిన్న కట్టును సకాలంలో వేసి ఉంటే అమ్మ చాలా బాధ తప్పించుకునేది. ఇప్పుడు ఆమె మరచెంబు మూత తిప్పడానికి నన్ను పిలుస్తుంది.

ఒక కొడుకు తల్లి చేతిని చూసి ఏం చేయగలడో మా ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే తెలిసింది. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆసు పోయడం, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టడం, చూశారు. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ తిరగాలి. ఆయన ఏళ్ల తరబడి శ్రమపడి లక్ష్మి ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం భుజాన్ని కాపాడింది. చిటికి మాత్రం ఇంకా వేళ్ల పనే. ఏ కీలు, ఏ పనిలో, రోజుకు ఎన్నిసార్లు, ఎంత బలంతో అరుగుతోందో కొలిచి చెప్పేవారుంటే తర్వాతి యంత్రం ఎక్కడ కావాలో ఇంకో మల్లేశానికి తెలుస్తుంది.

కొలవడం కష్టమైన పనేమీ కాదు. కీలు ఎంత తిరుగుతుందో కొలిచే కోణమానిని అనేది పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమాపకానికి అన్నలాంటిది. పిడికిలి బలం కొలిచే పరికరం ఒకటి, ఎక్స్‌రే ఒకటి చాలు. ముంజేయి లోపలికి 50, బయటికి 50 డిగ్రీలు తిరిగితే రోజువారీ పనుల్లో చాలావరకు జరిగిపోతాయని అమెరికాలో మోరీ బృందం 1981లో కొలిచి చూపింది. ఆ లెక్క ఫోను, తలుపు పిడి, కత్తి, ఫోర్కు వాడే చేతులది. గుండిగలో అన్నం కలిపే చేతికి, కండెలు చుట్టే చేతికి, తాడిచెట్టు మీద మోకు బిగించే చేతికి ఎంత కావాలి? ఎక్స్‌రేలో పొర గట్టిపడినట్లు కనిపించినా బాగానే తిరిగే చేతులు నేను చూశాను, కొద్దిగానే గట్టిపడినా బిగుసుకుపోయిన చేతులూ చూశాను. ఈ తేడా ఎక్కడిది? నేత పనివల్లా, వయసువల్లా, కాల్షియం లేని తిండివల్లా? నా గదిలో కూర్చుని నేను ఊహించగలను, తేల్చలేను.

ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నావళి ఉంది, భుజం నుంచి వేళ్ల దాకా ఏ పని ఎంత కష్టమవుతోందని అడిగే 30 ప్రశ్నలు. బిగుతు సీసా మూత తీయగలరా, తాళంచెవి తిప్పగలరా అని అడుగుతుంది. మంచి ప్రశ్నలే. మా వాళ్లను మాత్రం పిండి పిసకగలరా, తడి చీర పిండగలరా, జొన్న రొట్టె తట్టగలరా అని అడగాలి. వైకల్య ధ్రువపత్రం ఇచ్చేందుకు మన దేశంలో రాసుకున్న నిబంధనలు ఈ విషయంలో కొంత నయం. చేత్తో అన్నం తినడం, తల దువ్వి జడ వేసుకోవడం, గుండీ పెట్టుకోవడం, నాడా కట్టుకోవడం లాంటి 10 పనులకు ఒక్కోదానికి 9 శాతం చొప్పున లెక్కగట్టారు. ఆ జాబితా రాసినవారికి దండం పెట్టాలి. కానీ ఆ పెద్దాయన వెళ్లిన ఒక శిబిరంలో నడిపించి చూశారు, నడుము వంచమన్నారు, అంతే. ముంజేయి తిప్పమని ఎవరూ అడగలేదట.

మంత్రిగారూ, కొత్త భవనం అడగడం లేదు. పునాది రాయి వేసి వదిలేస్తారేమోనని మా ప్రాంతంలో కాస్త భయం కూడా ఉంది. నల్గొండ ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైంది, అక్కడ ఎముకల విభాగం ఉంది. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, అక్కడి నుంచి పోచంపల్లి మగ్గాలు దూరం కావు. ఈ రెండూ కలిసి మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో ఒక ఏడాది పాటు చేతులను కొలవాలి. నీటి చరిత్ర, పని చరిత్ర పక్కపక్కనే రాయాలి. మహబూబ్‌నగర్ కళాశాల కూడా ముందుకొస్తే గద్వాల, నారాయణపేట మగ్గాల దగ్గరా ఇదే కొలత తీయవచ్చు. అక్కడ చిటికి లేదు కాబట్టి పోల్చి చూడటానికి మరింత మంచిది. వారానికి ఒక రోజు చేతుల ఓపీ పెట్టి, అక్కడే కట్లు తయారుచేసే మనిషిని నియమించండి.

ఇంకొకటి, దీనికి పరిశోధన కూడా అక్కర్లేదు. మా మేనమామ గీత కార్మికుడు, చెట్టు మీద నుంచి పడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేసి ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. కట్టు వేసిన రోజు నుంచే వేళ్లు ఆడించాలని ఒక్కరూ చెప్పలేదు. ఎముక అతికింది, పిడికిలి మాత్రం ముడుచుకోలేదు. చెట్టెక్కే మోకు, ముత్తాదు ఇప్పుడు దూలానికి వేలాడుతున్నాయి. పిండికట్టు వేసే ప్రతి గదిలో ఆ ఒక్క వాక్యాన్ని పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి, ఖర్చు రంగు డబ్బాదే.

నేను ఇన్నేళ్లుగా కొలిచిన చేతుల వివరాలు రెండు పెద్ద రిజిస్టర్లలో ఉన్నాయి. అది పరిశోధన కాదని నాకు తెలుసు. వారి అనుమతి తీసుకుని, పేర్లు కొట్టేసి, మీరు ఎవరికి ఇమ్మంటే వారికి ఇస్తాను. మొదటి రిజిస్టరు మొదటి పేజీలో మా అమ్మ చేయి ఉంది.

ఇట్లు,
చండూరు నుంచి ఒక ఫిజియోథెరపిస్టు