చెట్టు లావు చూసి లెక్క వేయకండి

సంపాదకులకు,

నల్లమల లాంటి ఆకురాల్చే అడవుల్లో మానులు లావుగా ఉన్నాయని 'ఇక్కడ మంట పడి చాలా ఏళ్లయింది' అనేస్తుంటారు. అది తప్పు. నేలమంట పెద్ద టేకును సాధారణంగా చంపదు. మాను అడుగున ఒక పక్క బెరడు కింది పొరను కాల్చి మచ్చ మిగులుస్తుంది, అంతే. పనికొచ్చే సాక్ష్యం ఆ మచ్చే.

టేకుకు ఏటా ఒక వలయం స్పష్టంగా పడుతుంది. తొలకరితో మొదలయ్యే కట్టెలో రంధ్రాలు పెద్దవి. మంటలు ఫిబ్రవరి నుంచి మే దాకా, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు వస్తాయి గనుక మచ్చ రెండు వలయాల సందులో పడుతుంది. 2025 జనవరిలో నరికిన మోడులో మచ్చ అంచున మడత పడ్డ కొత్త కట్టెలో 3 వలయాలుంటే, మంట 2022 వేసవిది.

మోడును నేలకు దగ్గరగా కోసి, 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 400 దాకా నున్నగా రుద్ది భూతద్దంతో లెక్కించాలి. 1.3 మీటర్ల ఎత్తున బోరరుతో (మానులోంచి సన్నని కట్టె పుల్ల తీసే బోలు బరమాతో) తీస్తే చిన్న మచ్చ అందదు.

ఒక్క చెట్టును నమ్మకూడదు. గొడ్డలి దెబ్బ, పశువుల రాపిడి కూడా మచ్చలే. బొగ్గు ఉందేమో చూడాలి. పురుగు ఆకు తినేస్తే ఒకే ఏట రెండు వలయాల్లా కనిపిస్తాయి. సన్న వలయమైతే కరువు వల్లా వస్తుంది, దాన్ని మంటకు రుజువు అనలేం. పది చెట్లయినా పోల్చి, ఒకే సంవత్సరం తేలితేనే రాసుకోవాలి. మంట తర్వాత మోడు నుంచి లేచిన పిలకల వయసు ఊతంగా పనికొస్తుంది గానీ, మేకలు మేసినా అవి మళ్లీ మొదటికే వస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు