కోత పండుగకు ముందు కూలి లెక్క

సంపాదకులు గారికి,

మీ పత్రికలో ఆదివారం వచ్చే వాక్యధ్యానం మా ఇంట్లో అందరం చదువుతాం. భాష బాగుంటుంది. కానీ మనశ్శాంతి, క్షమ, కుటుంబ ప్రార్థన దాటి అది ముందుకు వెళ్లడం లేదు. కాటా, కూలి డబ్బులు, కౌలు అందులో ఎక్కడా కనబడవు. బైబిల్లో ఇవి కావలసినన్ని ఉన్నాయి.

క్యాథలిక్ గుళ్లలో ఆదివారం చదివే భాగాలు ఫాదర్ గారు తనకు నచ్చినట్టు ఎంచుకునేవి కావు. ఒక ఏడు మత్తయి సువార్త, మరుసటేడు మార్కు, ఆ పై ఏడు లూకా. 1969 నుంచి మూడేళ్ల పట్టిక అలా తిరుగుతోంది. లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలకు వాళ్ల పట్టికలు వాళ్లకున్నాయి. నరసాపురం వైపు బ్రదరన్ సంఘాలకు, పెంతెకొస్తువాళ్లకు ఈ అలవాటు లేదు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదులుతారు కదా, పట్టిక చేసే పనీ అదే. శివారు చేలకూ ఓ రోజు నీరందినట్టు, బైబిల్లో ఎవరూ ముట్టుకోని ఆమోసు ప్రవక్త గ్రంథానికీ యాకోబు పత్రికకూ ఒక ఆదివారం వస్తుంది.

లూకా ఏడాది సెప్టెంబరులో ఆమోసు 8వ అధ్యాయం చదువుతారు. కొలత తగ్గించి, వెల పెంచి, దొంగ త్రాసుతో పేదవాణ్ణి కొనేసే వర్తకుల సంగతి అది. మన కల్లాల్లో జరిగేది చూడండి. మిల్లు తరఫు కుర్రాడు బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి తేమ మిషన్లో పోస్తాడు. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం దాటకూడదు. అంకె 19 చూపిస్తుంది. రైతు ఆకాశం వంక చూస్తాడు, మబ్బు పట్టి ఉంటుంది. ఇంక బస్తాకు ఎంత తరుగు తీసినా సరేనంటాడు. ఆ మిషన్ సరిగ్గా ఉందో లేదో అడిగే ధైర్యం ఎవరికుంటుంది? ఆమోసు మాటలకు ఇంతకన్నా వ్యాఖ్యానం ఏం కావాలి?

మార్కు ఏడాది, దాదాపు అవే రోజుల్లో, యాకోబు పత్రిక 5వ అధ్యాయం. చేలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని అంటాడాయన. ఇక్కడ కూలి ఆపినవాడెవరని అడిగితే తేలదు. కూలీల మేస్త్రీ రైతును చూపిస్తాడు, రైతు మిల్లును చూపిస్తాడు, మిల్లువాళ్లు ప్రభుత్వం నుంచి డబ్బులు పడలేదంటారు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో పొద్దు గుంకకముందే కూలి ఇచ్చెయ్యమని ఉంది. మిల్లు డబ్బులు పడ్డాక ఇవ్వొచ్చన్న మినహాయింపు నాకు అందులో కనబడలేదు.

కౌలు రైతును ఇందులో ముందు నిలబెట్టి అడగడం నాకిష్టం లేదు. అతని చేతిలో నిజంగానే డబ్బుండదు. పంట నీటమునిగినా కౌలు బస్తాల్లో ఒక్కటి తగ్గించని ఆసామిని అడగాలి. 2019 నాటి రాష్ట్ర చట్టం కౌలు రైతుకిచ్చే పంట సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం అడిగింది. ఆ సంతకం పెట్టడానికి వెనకాడేవాళ్లలో ప్రతి ఆదివారం బైబిలు చంకన పెట్టుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. భూమి నాదే, మీరు నా దగ్గర ఉంటున్న పరదేశులు మాత్రమే అని దేవుడు చెప్పిన లేవీయకాండం 25వ అధ్యాయాన్ని వాళ్ల చేత ఒకసారి బిగ్గరగా చదివించాలి.

ఇవన్నీ చెబితే ప్రసంగంలో రాజకీయాలెందుకని కొందరు పాస్టర్ అయ్యగార్లు నొచ్చుకుంటారు. బేతేలు యాజకుడు అమజ్యా కూడా ఆమోసుతో ఇంచుమించు అదే అన్నాడు: ఇక్కడ చెప్పకు, మీ దేశం పోయి చెప్పుకో.

మీ పత్రికను అడగడానికి కారణం ఉంది. బౌడెన్, బీర్ అనే మిషనరీల కుటుంబాలు 1830ల్లో నరసాపురం వైపు వచ్చిన నాటి నుంచి ఈ డెల్టాలో సంఘాలను ఎక్కువగా నిలబెట్టింది చేలో పనిచేసే జనమే. గుడిలో యాకోబు మాటలు వినేవాళ్లు చాలాచోట్ల కూలి రావలసినవాళ్లు. ఇవ్వవలసినవాళ్లు ఆ పూట ఇంట్లో కాఫీ తాగుతూ మీ పత్రిక తిరగేస్తుంటారు. రొయ్యల చెరువులు లీజుకు తీసుకున్న విశ్వాసులు, మేస్త్రీలైన విశ్వాసులు ఇప్పుడు తక్కువేమీ కాదు, వాళ్లూ చదువుతారు.

సార్వా (మొదటి పంట) కోతలయ్యాక సంఘాల్లో కోత పండుగ చేస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, ధాన్యం బస్తాలు బలిపీఠం ముందు పేరుస్తారు. తర్వాత వేలం పాట. కాళ్లు కట్టేసిన కోడిపుంజు నాలుగింతల ధర పలుకుతుంది. పాడినాయన పేరు మైకులో రెండుసార్లు చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ పాట మొదలుపెట్టకముందు, కోసినవాళ్లందరికీ డబ్బులు ముట్టాయా అని సంఘ పెద్దలు ఒక్కమాట అడిగితే బాగుంటుంది. ముట్టలేదని చెప్పినవాళ్లకు మర్నాడు పని పోకుండా చూసే బాధ్యత కూడా ఆ పెద్దలదే.

ఈసారి కోతలు మొదలయ్యే వారానికి మీ ధ్యానం రాసేవారి చేత యాకోబు 5 మీద రాయించండి. అర కాలమ్ చాలు. జిల్లా పేజీలో ధాన్యం బకాయిల వార్త పక్కనే వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా