ఖాళీల లెక్కకు జవాబు మీరే చెప్పండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి,

తిరుపతి నుంచి ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం.

శాసనసభ జరిగే రోజుల్లో వారానికొక అరగంట మీరే లేచి సభ్యుల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అన్ని విషయాల మీదా కాకపోయినా ఉద్యోగ ఖాళీలు, నియామకాలు, బదిలీలు, డెప్యుటేషన్ల మీద మాత్రం మీ నోటితోనే వినాలి. శాఖకొక మంత్రి ఉండగా ముఖ్యమంత్రే ఎందుకు అని మీ పేషీలో ఎవరైనా అనొచ్చు. సర్వీసంతా ఒక జిల్లా ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు, అంటే సిబ్బంది వ్యవహారాలు, చూసినవాణ్ణి కాబట్టి ఎందుకో చెప్పగలను. శాఖ పేరు ఎందుకులెండి, అన్ని శాఖల్లోనూ ఇదే తంతు.

మా ఆఫీసుల్లో ‘ఎల్‌ఏక్యూ’ (శాసనసభ ప్రశ్న) వచ్చిందంటే అందరికీ టెన్షన్. ఎమ్మెల్యే గారు వేసిన ప్రశ్న సచివాలయం నుంచి శాఖాధిపతికి, అక్కణ్ణుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. ఒకప్పుడు ఫ్యాక్సులో వచ్చేది, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తోంది. పైన ‘మోస్ట్ అర్జెంట్’, కింద ‘సాయంత్రం నాలుగు లోపు’. దానికి తోడు ఒక ప్రొఫార్మా. అందులో ముఖ్యమైనవి మూడు గడులు: మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఖాళీలు. ఎవరి భోజనం వాళ్లు పక్కన పెట్టి, ఫోన్ల మీద ఫోన్లు కొట్టి గడులు నింపుతారు. అందులో అబద్ధం ఏమీ ఉండదు. అయినా ఆ కాగితం చదివినవాళ్లకు నిజం తెలియదు.

మతలబంతా నడిమి గడిలో ఉంది. సత్యవేడు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఉందనుకోండి. మనిషి ఉన్నాడు, జీతం ఆ కేంద్రం పేరు మీదే డ్రా అవుతోంది. కానీ ఆయన డెప్యుటేషన్ మీద పట్టణంలో పనిచేస్తున్నాడు. ప్రొఫార్మాలో ఆయన ‘పనిచేస్తున్నవారు’ కిందికే వస్తాడు. షుగరు చూపించుకుందామని వచ్చిన ముసలామెకు మాత్రం గదికి వేసిన తాళం కనిపిస్తుంది. ఆమె బస్సెక్కి పుత్తూరో శ్రీకాళహస్తో పోయి ప్రైవేటు ల్యాబులో డబ్బులు పెట్టుకుంటుంది. సభలో లెక్క ప్రకారం అక్కడ ఖాళీ లేదు!

లాంగ్ లీవులో ఉన్నవాళ్లదీ ఇదే కథ. ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యతలు) ఇంకో రకం. ఒక అధికారి తన మండలంతో పాటు పక్క రెండు మండలాలు కూడా ఇన్‌చార్జిగా చూస్తుంటాడు. సోమవారం ఇక్కడ, మంగళవారం అక్కడ, తక్కిన రోజులు కలెక్టరేట్‌లో మీటింగులు. జవాబులో మాత్రం ‘పనికి ఆటంకం లేకుండా ఇన్‌చార్జి ఏర్పాట్లు చేయడమైనది’ అని వస్తుంది. ఇక ప్రభుత్వ సంస్థ ఆప్కాస్ ద్వారా వచ్చిన అవుట్‌సోర్సింగ్ పిల్లలు ఏ గడిలోకి వస్తారన్నది ఆ రోజు ప్రొఫార్మా తయారుచేసిన వారి దయ.

ఇన్ని చేతులు మారి చివరికి అచ్చులో వచ్చేది మీకు తెలియనిది కాదు. (అ) అవునండి. (ఆ) దశలవారీగా భర్తీకి చర్యలు తీసుకుంటున్నాం. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. దాని మీద ఒకటో రెండో అనుబంధ ప్రశ్నలు, మంత్రి గారి హామీ, స్పీకరు గారి ‘నెక్స్ట్ క్వశ్చన్’.

మంత్రి గారిని తప్పు పట్టి లాభం లేదు. పోస్టు ఆయన శాఖదే అయినా తాళంచెవి ఆయన దగ్గర ఉండదు. భర్తీకి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. రిజర్వేషన్ల రోస్టరు, సర్వీసు నిబంధనల దగ్గర సాధారణ పరిపాలన శాఖను అడగాలి. పోస్టును బట్టి ఏపీపీఎస్సీకి ఇండెంట్ (ఇన్ని పోస్టులు నింపమన్న కాగితం) పోవాలి. మధ్యలో ఎవరైనా కోర్టుకెళితే అదొక ఏడాది. ఆరోగ్య మంత్రిని అడిగితే ఫైలు ఆర్థిక శాఖలో ఉందంటారు. ఆర్థిక మంత్రిని అడిగితే ప్రతిపాదన సరైన రూపంలో రాలేదంటారు. ఇద్దరి మాటా నిజమే. తిలా పాపం తలా పిడికెడు. ఈ దారాలన్నీ వచ్చి కలిసే చెయ్యి ఒక్కటే ఉంది, అది మీది. సాధారణ పరిపాలన శాఖను 2024 జూన్‌లో మీరు మీ దగ్గరే ఉంచుకున్నారు కూడా.

ఒక ఉదాహరణ చెబుతాను. రిటైర్మెంట్ వయసును 2014లో మీ ప్రభుత్వం 58 నుంచి 60కి పెంచింది. తర్వాతి ప్రభుత్వం 2022 జనవరి 1 నుంచి 62 చేసింది. దాంతో రెండేళ్ల పాటు వయసు రీత్యా రిటైర్మెంట్లు దాదాపు ఆగిపోయి, 2024 జనవరి నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఏ శాఖలో ఏ ఏడాది ఎంతమంది దిగిపోతారో పుట్టిన తేదీలను బట్టి ఇప్పుడే చెప్పొచ్చు, జ్యోతిషం అక్కర్లేదు. మరి ఆ లెక్క పెట్టుకుని ముందే నోటిఫికేషన్లు ఇస్తున్నామా, కుర్చీ ఖాళీ అయ్యాక ఫైలు మొదలుపెడుతున్నామా? ఇది ఏ ఒక్క మంత్రీ చెప్పగలిగింది కాదు.

ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తిరుపతి జిల్లా కేంద్రమైంది, కొత్త బోర్డులు వచ్చాయి, మాకూ సంతోషమే. కానీ 2025 డీఎస్సీలో (టీచర్ల భర్తీలో) పోస్టులు చూపింది పాత జిల్లాల వారీగానే. మా పిల్లలు దరఖాస్తు చేసింది ఉమ్మడి చిత్తూరు జిల్లాకే. కొత్త జిల్లాకు కేడర్ స్ట్రెంత్ (మొత్తం పోస్టుల సంఖ్య) ఎంత, అందులో కొత్తగా మంజూరైనవి ఎన్ని, పాత చిత్తూరు ఆఫీసు నుంచి పంచుకున్నవి ఎన్ని? చిత్తూరులో ఉన్న పదిమందిలో ఐదుగురిని తిరుపతికి పంపితే రెండు ఆఫీసులూ సగం సగమే నడుస్తాయి.

చేసిన పని చెప్పకపోతే నాకూ నిద్రపట్టదు. మెగా డీఎస్సీ 16,347 పోస్టుల ఫైలు మీద 2024 జూన్‌లో తొలి సంతకం పెట్టారు, 2025 సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చారు. మా వీధిలోనే స్వీట్లు పంచుకున్నారు. ఇంత పెద్ద భర్తీ చేసిన ముఖ్యమంత్రి ఖాళీల మీద ప్రశ్నకు భయపడాల్సిన పనేముంది?

మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు మీకు గుర్తుండకపోరు. 1956లో లోక్‌సభ స్పీకరయ్యారు, 1957 ఎన్నికల్లో చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చున్నారు. ఆయన సభను నడుపుతున్న రోజుల్లోనే, ఆ 1957లోనే, వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల్లో ఎల్‌ఐసీ పెట్టిన డబ్బు సంగతి ప్రశ్నల రూపంలో బయటికొచ్చింది. దాన్ని పట్టుకుని వదలనివారు ఫిరోజ్ గాంధీ. ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు. విచారణకు చాగ్లా కమిషన్ వేశారు, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అధికార పక్షం సభ్యుడు అడగకూడదన్న రూలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇది ఎందుకు ఎత్తానంటే, ఇవాళ మన సభలో అడిగేవాళ్లు కూటమి ఎమ్మెల్యేలే. 175లో 164 మంది మీవాళ్లు. మిగిలిన 11 సీట్ల వైఎస్సార్సీపీ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదన్న అలకతో సభకు దూరంగా ఉంటోంది. జీతం తీసుకుంటూ సభకు రాకపోవడం ఏం పద్ధతో వాళ్లే చెప్పాలి, ఓటేసినవాళ్లు హోదా చూసి వేయలేదు. కాబట్టి మీ సభ్యులే అడగాలి. కానీ ముఖ్యమంత్రే నిలబడి ‘అడగండి’ అనకపోతే టికెట్టు గురించి ఆలోచించే ఎమ్మెల్యే ఎవరు గట్టిగా అడుగుతారు?

లండన్‌లో హౌస్ ఆఫ్ కామన్స్ సమావేశాలు ఉన్న వారాల్లో బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు ప్రధాని లేస్తారు. 1961లో మంగళ, గురువారాల్లో పావుగంట చొప్పున ఇది స్థిరపడింది. 1997లో టోనీ బ్లెయిర్ రెండూ కలిపి బుధవారం అరగంట చేశారు. సభ్యుడు ముందుగా ఇచ్చే కాగితంలో తరచుగా ఉండేది ‘ఈ రోజు ప్రధాని కార్యక్రమాలు ఏమిటి’ అన్నదొక్కటే. అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది, అది దేని మీద వస్తుందో ప్రధానికి ముందు తెలియదు. ఆసుపత్రుల్లో నర్సుల కొరత మీద కావొచ్చు, పోలీసుల సంఖ్య మీద కావొచ్చు. ప్రతిపక్ష నాయకుడికి ఆరు ప్రశ్నలు. అక్కడా అరుపులు, కేకలు, ఎత్తిపొడుపులు తక్కువేమీ కాదు, సగం నాటకమే. అయినా ఆ అరగంట కోసం ఒక్కో శాఖ తన అంకెలు సరిచూసుకుని ప్రధానికి అందించాల్సిందే. నాకు కావాల్సింది ఆ సరిచూసుకోవడమే.

మన దేశంలో ఇది జరగదనడానికీ లేదు. జార్ఖండ్ శాసనసభలో సోమవారం అరగంట ముఖ్యమంత్రి ప్రశ్నల సమయం ఉండేది. 2022లో తీసేశారు. పార్లమెంటులో చూస్తే సిబ్బంది వ్యవహారాల శాఖ ప్రధాని చేతిలోనే ఉన్నా, కేంద్ర ఉద్యోగాల ఖాళీలు ఎన్నని అడిగితే జవాబు చెప్పేది సహాయ మంత్రి. ఢిల్లీని చూసి నేర్చుకోవాల్సింది ఇందులో లేదు.

మీకు ఇది కొత్త కూడా కాదు. మొదటిసారి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ‘డయల్ యువర్ సీఎం’ పెట్టి ఫోన్ చేసినవాళ్లకు నేరుగా జవాబు చెప్పినవారు మీరు. కలెక్టర్ల సదస్సులో మీరు అంకెలతో నిలదీస్తే అధికారులకు చెమటలు పడతాయని మా శాఖల్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. అదే పట్టు సభలో, ఈసారి జవాబు చెప్పే వైపు నిలబడి, చూపించమంటున్నాను. మీరు ఎంఏ చదివిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం సంగతే తీసుకోండి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు 2023లో నోటిఫికేషన్లు వచ్చాయి. ఇవాళ్టికి వాటిలో ఎన్నింటిలో మనిషి వచ్చి పాఠం చెబుతున్నాడు? మా తిరుపతి వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది.

చేయాల్సినవి పెద్దవేమీ కావు. సభా నిబంధనల కమిటీకి స్పీకరు గారే అధ్యక్షులు. వారంలో ఒక రోజు అరగంట ముఖ్యమంత్రికని మీరు అడిగితే ఆయన కాదనరు. రెండోది, ఆ ప్రొఫార్మాలో ఒక్క గడి కలపండి: ‘పోస్టు ఉన్న చోటే పనిచేస్తున్నవారు’. జీతం ఎక్కడ డ్రా అవుతోందన్నది కాదు, ఉదయం సంతకం ఎక్కడ పెడుతున్నాడన్నది. ముఖ గుర్తింపు హాజరు యాప్‌లు ఎలాగూ పెట్టారు, ఆ వివరం తీయడానికి మండలాలకు ఫోన్లు కొట్టాల్సిన పని కూడా లేదు. మూడోది, ‘దశలవారీగా’ అన్నచోట తేదీ రాయమనండి. ఆ తేదీ తప్పితే ఎందుకు తప్పిందో తర్వాతి సమావేశాల్లో మీరే చెప్పండి. ఆర్థిక ఇబ్బంది ఉందంటే అదే చెప్పండి. డబ్బు లేదు, ఈ ఏడాది ఈ పోస్టులు నింపలేమన్న మాట మీ నోట వింటే, పిల్లలు కోచింగ్ సెంటర్లకు ఫీజులు కట్టకుండా ఇంకో దారి చూసుకుంటారు.

మొదటి సమావేశాల్లో తిరుపతి, చిత్తూరు జిల్లాలతోనే మొదలుపెట్టినా చాలు. కుప్పం లెక్క అందులో ముందుండాలి, ఎందుకంటే 1989 నుంచి అక్కడి ఎమ్మెల్యే మీరే, అక్కడి జనం తరఫున ఇంకెవరూ ప్రశ్న వేయలేరు.

ఈ లేఖ ప్రతిని స్పీకరు గారికీ, రెండు జిల్లాల శాసనసభ్యులందరికీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కొత్త గడితో ప్రొఫార్మా ఎలా ఉండాలో నమూనా గీసి జత చేశాను, చూడగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి,
తిరుపతి