సీలెంట్ కాదండీ, ముందు సబ్బు నీళ్ళు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం అనుబంధంలో మౌంటెన్ బైక్ టైర్ల గురించి వేసింది చదివాను, అంతా బానే ఉంది కానీ ట్యూబ్‌లెస్ టైర్లో గాలి నిలవకపోతే ఇంకాస్త సీలెంట్ (లోపలి నుంచి చిల్లులు మూసే ద్రవం) పోస్తే సరిపోతుందని ఒక్క ముక్కలో తేల్చేశారు, అక్కడే ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ పని నేను మూడు నెలలు చేశా. రాత్రి గాలి కొట్టి పడుకుంటే తెల్లారేసరికి టైరు చప్పబడిపోయేది, మళ్ళీ సీలెంట్, మళ్ళీ పంపు. చక్రం తిప్పితే లోపల గుబగుబమని చప్పుడు, గాలి మాత్రం నిలవదు.

చివరికి చూస్తే తప్పు టైరుది కాదు, రిమ్ టేపుది, అంటే స్పోక్ కన్నాలు మూస్తూ రిమ్ లోపల చుట్టే టేపుది. అది కనిపెట్టడానికి కావాల్సింది సబ్బు నీళ్ళు, అంతే. గాలి గట్టిగా కొట్టి (టైరు లిమిట్, రిమ్ లిమిట్ రెండిట్లో ఏది తక్కువైతే అది దాటకుండా) సబ్బు నీళ్ళు అంతటా పోసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడాలి. టైరు అంచు రిమ్‌ని పట్టుకునే చోట వస్తే ఒక సంగతి, స్పోక్ మొదట్లో వస్తే ఇంకో సంగతి. ఇక్కడే నేను బోల్తా పడ్డా. ఒక స్పోక్ దగ్గర బుడగలొస్తే చిల్లు అక్కడే ఉందనుకుని ఆ ఒక్క చోట టేపు అతికించా, కానీ టేపు దాటిన గాలి రిమ్ లోపలి బోలులోకి వెళ్ళి ఏ సందు దొరికితే దాంట్లోంచి బయటికొస్తుంది, చిల్లు ఒక చోట బుడగ ఇంకో చోట. అందుకే స్పోక్ దగ్గర బుడగ కనిపిస్తే అతుకులు వేయకుండా టేపు మొత్తం పీకేయడమే మేలు. రిమ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సరిపోయే వెడల్పు టేపుని బాగా లాగి పట్టుకుంటూ వేయాలి, చివర్లు ఒకదానిమీద ఒకటి నాలుగు వేళ్ళన్నా ఎక్కాలి. వాల్వ్ కన్నం బ్లేడుతో కోయకండి, చీలిక పెరుగుతూ పోతుంది, సూదిమొన లాంటి దాంతో చిన్నగా పొడిస్తే చాలు. తర్వాత ఒక రాత్రి ట్యూబ్ వేసి గాలి కొట్టి ఉంచితే టేపు రిమ్‌కి బాగా అతుక్కుంటుంది.

వాల్వ్ నట్టు వేళ్ళతో బిగిస్తే చాలు, పటకారుతో బిగిస్తే దారిలో ట్యూబ్ వేయాల్సొచ్చినప్పుడు అది ఊడి రాక ఏడవాలి. గాలి ఎక్కట్లేదంటే వాల్వ్ లోపల విప్పడానికి వచ్చే చిన్న ముక్క, కోర్‌లో సీలెంట్ గట్టిపడి ఉండొచ్చు, విప్పి కడగండి.

సీలెంట్ పనికిరాదని కాదు నేననేది. కొత్త టైరు పక్కగోడల్లోంచి సన్నగా గాలి చెమర్చినట్టు వస్తుంటే, లేదా అంచు దగ్గర కొంచెం లీకైతే, చక్రాన్ని ఊపి బకెట్ మీద పడుకోబెట్టి కాసేపటికి తిరగేస్తే అదే మూసేస్తుంది. ముల్లు గుచ్చుకున్న చిన్న చిల్లులకీ అదే దిక్కు. కానీ లోపల ఎల్లకాలం ఉండదు, వేడిని బట్టి రెండు నుంచి ఆరు నెలల్లో ఎండిపోతుంది, మధ్యలో ఒకసారి విప్పి చూసుకోవాల్సిందే. పెద్ద చిల్లైతే ప్లగ్గు (చిల్లులో దూర్చే రబ్బరు ముక్క) వేయాలి, పొడుచుకున్న మేకుని ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాకే పీకాలి. ఇక దారిలో పంపు బదులు కార్బన్ డయాక్సైడ్ క్యాట్రిడ్జ్ కొట్టేవాళ్ళు ఒకటి చూసుకోండి, కొన్ని లేటెక్స్ సీలెంట్లు ఆ గ్యాస్‌కి గడ్డకడతాయి.

ఈసారి ఇలాంటిది వేసేటప్పుడు సబ్బు నీళ్ళ మాట పైన, సీలెంట్ మాట కింద వేయమని మీవాళ్ళకి చెప్పండి సార్.

ఇట్లు
మూడు నెలలు పంపు కొట్టిన ఒక పాఠకుడు