తుక్కుకు పంపేముందు ఒక్క పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మన దగ్గర సర్కారు బడుల్లోని పాత కంప్యూటర్లను తుక్కు కింద వేలం వేస్తారని పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. కోపంలో రాయొద్దని నాలుగు రోజులు ఆగాను గానీ కోపమైతే తగ్గలేదు. విండోస్ 10కు కాలం చెల్లింది కాబట్టి ఇవి పనికిరావని సెలవిచ్చిన ఆ సారు ఎవరో గానీ, ఆయన ఇంట్లో టీవీ రిమోట్ పోతే టీవీని కూడా పారేస్తారేమో.

2025 అక్టోబర్ 14తో ఆగింది విండోస్ 10కు మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. మిషన్లు ఆగలేదు. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి, బడుల్లో ఉన్నవి అంతకంటే పాతవి, ఒప్పుకుంటాను. కానీ లోకంలో విండోస్ ఒక్కటేనా? విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌లు (ఓఎస్‌లు) లైనక్స్ మింట్ ఉంది, లుబుంటు ఉంది, రూపాయి ఖర్చు లేదు. మింట్‌కు 2 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 4 ఉంటే హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని మీద నడిపి చూడొచ్చు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాతది పాతగానే ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ తీసి దానికంటే వేగంగా నడిచే చిన్న ఎస్ఎస్‌డీ డిస్క్ వేస్తే ఇక చెప్పక్కర్లేదు. మా ఇంట్లో మూలన పడ్డ డెల్ డబ్బా మీద ఇప్పుడు మా మనవరాలు లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైప్ చేస్తోంది.

అన్నిటికీ ఇదే మందు అనను. ఆఫీసుల్లో అను అనే పాత తెలుగు ఫాంట్ల గొడవ ఉంది, డిజిటల్ సంతకానికి పెట్టే యూఎస్‌బీ డోంగిళ్లతో తంటా ఉంటుంది, కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి. అక్కడ విండోసే ఉంచుకోండి. ఆరో తరగతి పిల్లలు టైపింగ్, బొమ్మలు, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి వీటిలో ఏ అడ్డమూ లేదు కదా.

ఇదేం నా సొంత పైత్యం కాదు. కేరళలో కైట్ అనే సర్కారు సంస్థ ఉబుంటు అనే లైనక్స్ మీద సొంత ఓఎస్ తయారు చేసుకుని ఏళ్లుగా బడుల్లో నడిపిస్తోంది. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు తెలుగులో ఓఎస్ తెచ్చారు, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ బాస్ లైనక్స్ అనే ఓఎస్ ఇచ్చింది. మన అధికారులకు మాత్రం ఏదైనా కొత్తగా కొంటేనే పని చేసినట్టు. కొంటే టెండరుంటుంది, బిల్లుంటుంది, రిబ్బనుంటుంది, ఫొటో ఉంటుంది. ఉచితంగా బాగుచేస్తే ఏముంటుంది చెప్పండి! ఉమ్మడి రాష్ట్రంలో బడులకు కంప్యూటర్లు ఇచ్చినప్పుడూ ఇంతే, కాంట్రాక్టు తీరగానే నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు ఇంటికి పోయారు, గదికి తాళం పడింది, తర్వాత ఎలుకలకు డిజిటల్ విద్య అందింది. చెరువు పూడిక నుంచి మిషన్ల దాకా అంతా ఇదే తంతు, పెట్టినప్పటి హడావుడి నిలబెట్టడంలో ఉండదు.

నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, పాలమూరులోనూ యూనివర్సిటీ ఉంది, చుట్టూ పాలిటెక్నిక్‌లు, ఇంజినీరింగ్ కాలేజీలు. ప్రాజెక్టుల కోసం తిరిగే ఆ పిల్లలకు ఒక్కో బడి అప్పగించండి, మధ్యాహ్న భోజనం కూడా అక్కడే పెట్టండి, శని ఆదివారాల్లో చేసేస్తారు. వాళ్లకు లేనిది తెలివి కాదు, కలెక్టరేట్ నుంచి ఒక కాగితం.

ఇంత చెప్పినా వేలమే వేస్తామంటే కనీసం ఒక పని చేయండి. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు ఉన్నాయి, రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వండి, బండి మీద ఇనుప సామాను కొనేవాడికి కాదు. ఇచ్చేముందు హార్డ్ డిస్కులు పూర్తిగా తుడిపించండి. మామూలుగా డిలీట్ కొట్టినంత మాత్రాన ఫైళ్లు పోవు, వాటిలో పిల్లల ఆధార్ నంబర్లూ తల్లిదండ్రుల బ్యాంకు ఖాతాలూ ఉండి ఉంటాయి.

- ఒక రిటైర్డ్ లెక్కల సారు, దేవరకొండ