విషయం: మీ టేబుల్ కాంపోనెంట్‌లో టిక్కు ఒక రైతుకు పెడితే ఇంకో రైతు మీద పడుతోంది

సపోర్ట్ టీమ్‌కి,

హన్మకొండ నుంచి రాస్తున్నాం. మాది చిన్న టీమ్, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారులకు వెబ్ అప్లికేషన్ చేసిస్తాం. ఏ రైతు ఎన్ని బస్తాల మిర్చి తెచ్చిండు, దడ్వాయి తూకం ఎంత వేసిండు, రేటు ఎంత పలికింది, హమాలీ ఖర్చులు పోను చేతికి ఎంత వస్తది, ఇదంతా ఒక టేబుల్‌లో కనపడాలి. అందుకోసమే మీ టేబుల్ కాంపోనెంట్‌కు, అంటే అప్లికేషన్‌లో తెచ్చి పెట్టుకునే రెడీమేడ్ టేబుల్ కోడ్‌కు, ఏడాది లైసెన్స్ కొన్నాం. ఏ అప్లికేషన్‌లోనైనా ఒదిగిపోతుందని రాసుకున్నారు కదా మీ పేజీలో, ఇప్పుడు దానికి మేమే ఒదగాల్సి వస్తోంది.

అన్నిటికన్నా ప్రమాదమైనది ముందు చెప్తా. గుమాస్తా నాలుగు లాట్లకు టిక్కు పెట్టి, రేటు వరుసలో చూద్దామని హెడ్డింగ్ నొక్కితే లాట్లు పైకీ కిందికీ మారుతాయి, టిక్కులు మాత్రం ఉన్న చోటనే ఉంటాయి. తేజ రకం మిర్చి తెచ్చిన రైతుకు పెట్టిన టిక్కు చపాటా రకం తెచ్చిన రైతు మీద పడుతుంది. అది చూసుకోకుండా తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) ప్రింట్ కొడితే? మా టెస్టింగ్‌లోనే దొరికింది కాబట్టి సరిపోయింది, లేకుంటే ఆ పంచాయితీ అంతా మా మెడకు చుట్టుకునేది. మీ కాంపోనెంట్ ప్రతి రోను (అడ్డ వరుసను) అది స్క్రీన్ మీద ఎన్నో స్థానంలో ఉందో దాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటోంది, గొడవంతా అక్కడే. రో ఐడీగా లాట్ నంబర్ తీసుకో అని మేం చెప్పగలిగితే అయిపోయే పని ఇది. ఉచితంగా దొరికే టాన్‌స్టాక్ టేబుల్‌లోనే ఆ వీలుంది, పైసలు తీసుకునే మీకేమైంది?

ఇక సార్టింగ్. రేటుకు కామాలు పెట్టి చూపించమని ఫార్మాటర్ (అంకె తెర మీద ఎట్లా కనపడాలో చెప్పే ఫంక్షన్) ఇచ్చాం. మీరు ఆ ఫార్మాట్ అయిన అక్షరాలనే పట్టుకుని సార్ట్ చేస్తున్నారు, దాంతో తక్కువ నుంచి ఎక్కువకు పెట్టినప్పుడు 9,800 కన్నా ముందు 14,200 వస్తోంది, ఎందుకంటే టెక్స్ట్‌గా పోలిస్తే 9 కన్నా 1 ముందు. మీ వాళ్లు చెప్పిన మందు ఏంటంటే కామాలు తీసేయమని! 1,25,000ను 125000 అని చూపిస్తే ఏ సేటు ఒప్పుకుంటాడు? కాలమ్‌కు విలువ ఇచ్చే ఫంక్షన్ వేరు, దాన్ని తెర మీద చూపించే ఫంక్షన్ వేరు ఉండాలి. సార్టింగ్, ఫిల్టర్, మొత్తం వేయడం అసలు విలువతో జరగాలి, కామాలూ రంగులూ చూపించేటప్పుడు చూసుకోవచ్చు.

తెలుగు పేర్ల సంగతి ఇంకో తలనొప్పి. రో ఎత్తు 32 పిక్సెళ్లకు బిగించేశారు, కింద వత్తులు సగానికి తెగిపోతున్నాయి. పేరు పొడుగైతే ఇన్ని అక్షరాలని లెక్కపెట్టి కోసి చుక్కలు పెడుతున్నారు, కానీ జావాస్క్రిప్ట్ లెంగ్త్ చూస్తే 'లక్ష్మి' 7, కంటికి కనపడేవి రెండే అక్షరాలు. అక్షరం మధ్యలో కోస్తే చివర పొల్లు వేలాడుతుంది. పొడవు సంగతి సీఎస్ఎస్‌కు (పేజీ రూపురేఖలు చూసుకునే భాషకు) వదిలేయండి, లేదా కంటికి కనపడే అక్షరాలుగా విడదీసే Intl.Segmenter వాడండి. కనపడే వరుసలే గీసి స్క్రోల్ వేగంగా నడిపించడానికి ఎత్తు ఫిక్స్ చేశారని అర్థమవుతోంది, తప్పుపట్టను, కానీ మా టేబుల్స్‌లో చాలావరకు ఒక పేజీలో అయిపోతాయి. ఆ స్క్రోలింగ్ ఆపేసి కంటెంట్‌ను బట్టి ఎత్తు పెరిగే ఆప్షన్ ఒకటి ఇస్తే చాలు.

మళ్లీ మళ్లీ వాడుకోవడం అంటే మీ లెక్కలో ప్రతి అవసరానికీ ఒక ఆన్, ఆఫ్ స్విచ్ పెట్టడం లాగుంది. ఫుటర్ ఆన్ చేస్తే అంకెలున్న ప్రతి కాలమ్‌కూ మొత్తం వేస్తుంది, మా రైతుల మొబైల్ నంబర్లన్నీ కూడి కింద చూపించింది మహానుభావుడు. మాకు ఆ స్విచ్‌లు వద్దు. హెడర్, రో, సెల్, ఫుటర్, డేటా లేనప్పుడు వచ్చే సందేశం, వీటిని విడి ముక్కలుగా ఇవ్వండి, తక్‌పట్టీ పేజీలో ఒకరకంగా, ఫోన్‌లో ఇంకోరకంగా మేమే పేర్చుకుంటాం. పేజీ నంబరూ, సెర్చ్ చేసిన మాటా కూడా కాంపోనెంట్ లోపలే దాచుకోకుండా మా చేతికి ఇవ్వండి, కొత్త రేట్లు వచ్చినప్పుడల్లా మొదటి పేజీకి ఎగిరిపోతోంది. ఇంకోటి, లోపలంతా డివ్‌లే, అంటే తమలో ఏముందో చెప్పని ఉత్త డబ్బాలు. హెచ్‌టీఎంఎల్ 3.2లో 1997లోనే టేబుల్ ట్యాగ్ వచ్చింది, అది వదిలేసి డివ్‌లు పేర్చి, కనీసం ARIA రోల్స్ (ఏ భాగం ఏంటో చెప్పే గుర్తులు) కూడా పెట్టకపోతే ఎన్‌వీడీఏ లాంటి, చూపులేని వాళ్లకు తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఏ అంకె ఏ కాలమ్‌దో ఎట్లా చెప్తది?

వీటి మీద ఇంతకుముందు పెట్టిన టికెట్లకు ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌కు మారమని జవాబు వచ్చింది. టిక్కు సరైన రైతు మీద ఉండటం ఎంటర్‌ప్రైజ్ ఫీచర్ ఎట్లయితది?

కొత్త మిర్చి మార్కెట్‌కు రాకముందే రో ఐడీ, సార్టింగ్ రెండూ సరిచేసి ఇవ్వండి, మిగతావి ఎప్పుడిస్తారో రాతపూర్వకంగా చెప్పండి. కుదరదంటే లైసెన్స్‌లో మిగిలిన నెలల డబ్బు వాపస్ చేయండి, మేం వేరే చూసుకుంటాం. సమస్య కనపడే చిన్న కోడ్, స్క్రీన్ రికార్డింగ్ జత చేశాను. దయచేసి ఈసారి బాట్‌తో కాకుండా కోడ్ రాసే మనిషితో జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఫ్రంటెండ్ డెవలపర్, హన్మకొండ